జీడి పొగ మలుపు

శ్రావణీ, ఇలగొచ్చి నా పక్కన కూకో. ఆ పిక్కలు తరవాత ఎండెడుదువులే. మీ ముత్తాత జీపు సంగతి సెప్పాలి నీకు.

మా అయ్య కూర్మనాథం, డెబ్బయ్యారేళ్ళొచ్చినా పూండి నుండి పలాసకి జీడిపిక్కల బస్తాలు జీపు మీద తనే తోలీవోడు. రెండువేల రెండు కాబోలు, నువ్వింకా పుట్టనేదు. ఆ యేడు అన్నం కంచం ఎక్కడుందో సేత్తో తడుంకుంటంటే సూసి, జీపు తాళం నా కొంగున కట్టీసుకున్నాను.

"తాళం ఇలగియ్యే," అన్నాడు.

"కళ్ళు కనబడతన్నాయా అయ్యా నీకు?"

"నీ మొగుడి కళ్ళ కన్నా నా ముక్కు నయం. సూపిత్తాను రా."

మీ తాత రామూర్తి నా కాడ తాళం తీసుకుని జీపు తోలాడు, నాను ఎనక కూకున్నాను. అయ్య కళ్ళకి తువ్వాలు కట్టుకుని పక్కన కూకున్నాడు. "మొగలి పొదల వాసన. ఎడమకి తిప్పు అల్లుడా," అన్నాడు. మొగలి పొదలే. "కొబ్బరి పీసు నానిన కంపు. ఎదర వంతెన, నెమ్మది." వంతెనే. "పిక్కలు కాల్చిన పొగ గొంతు పట్టీసింది. ఇక్కడ కుడికి." ఒక్కటీ తప్పనేదు. మీ తాత జీపు దిగి ఆయనకి దండమెట్టీసాడు. నానూ నమ్మీసాను. జీపు తాళం అయ్య సేతికే ఇచ్చీసాను. అదే నా తప్పు.

నాలుగో దినం అయ్య తోలతంటే నాను ఆయన పక్కన కూకున్నాను. ఆ పొద్దు గాలి తిరిగింది. పలాస పొగ మలుపు దగ్గర ఆగకుండా మైలు ముందుకే వచ్చీసింది. అయ్య గొంతు సవరించుకుని, మలుపొచ్చీసిందనుకుని కుడికి తిప్పీసాడు.

అక్కడ రోడ్డు నేదు. నాను అరిసీలోపే జీపు పక్కకి దిగీసింది. టైర్ల కింద ఇసక తగిలాక ఆయన బ్రేకు తొక్కాడు.

ఎదర ఓ పాక, దాని వాసానికి సీర ఉయ్యాల కట్టుంది. జీపు ముందున్న ఇనపకమ్మి దానికి ఆనింది. ఉయ్యాల మెల్లగ ఊగతంది. లోపల పిల్ల నిద్ర లెగనేదు. జీడిపప్పు ఒలుస్తున్న తల్లి, సేతిలో పప్పు సేతిలోనే, అలగే ఉండిపోయింది.

"ఏటే ఆ కిర్రుమనీది?" అన్నాడు అయ్య.

"ఉయ్యాల అయ్యా. పిల్లుంది."

బానెట్టు తడుంకుంటూ ఎల్లి ఉయ్యాల గుడ్డ మీద సెయ్యేసాడు. పిల్ల ఊపిరి ఆయన అరిసేతికి తగిలుంటాది. సానాసేపు ఆ సెయ్యి తియ్యనేదు. తరవాత తాళం తీసి నా సేతిలో ఎట్టి, నా గుప్పిట మూసాడు.

"నానడిగినా ఇయ్యకు," అన్నాడు.

తరవాత ఆరేళ్ళు బతికాడు. ఒక్కనాడూ అడగనేదు. మీ తాత పక్కన కూకుని మలుపులు సెప్పీవోడు. గాలి తిరిగిన దినం మాత్రం, "ఈయేళ నాకు తెలవదు, నువ్వే సూసుకో," అనీవోడు.

గుర్తెట్టుకో అమ్మా. రేపు నీ పిల్లలకి సెప్పినప్పుడు ముక్కు సంగతి ఒక్కటే సెప్పి ఊరుకోకు. ఆ సెయ్యి సంగతి కూడా సెప్పు.