పద్నాలుగో అంతస్తులో పరీక్ష

ఆ భవనం వయసులో మా నాన్న కన్నా పెద్దది. సెయింట్ క్లెయిర్ సరస్సు ఒడ్డున, నీళ్ళలోకి తొంగిచూస్తున్నట్టు నిలబడి ఉంటుంది.

"ఏభై ఏళ్ళ బిల్డింగ్ రేణూ! ఆ కాలంలో గట్టిగా కట్టేవాళ్ళు," అన్నాడు నాన్న అమ్మతో, కారు దిగుతూ.

"ఏభై దాటాక మనుషులకే మోకాళ్ళు పట్టేస్తాయి," అంది అమ్మ.

లిఫ్ట్ మూలుగుతూ ఎక్కింది. పన్నెండు తర్వాత పద్నాలుగు వెలిగింది.

"పదమూడేదండీ?"

"ఇక్కడివాళ్ళకి పదమూడు అచ్చిరాదని ఆ నంబర్ పెట్టరు."

"మరి వంటిల్లు ఆగ్నేయంలో ఉందా అని నేనడిగితే ఏజెంట్ ముందు నవ్వారేం?"

నాన్న లిఫ్ట్ బటన్లను శ్రద్ధగా చూడటం మొదలుపెట్టాడు.

పైన ఎదురుచూస్తున్న ఏజెంట్ తలుపు తీయగానే హాలు నిండా సరస్సే. అవతలి ఒడ్డు కనిపించలేదు. నాకిస్తామన్న గది చిన్నదే కానీ, కిటికీ అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చోవచ్చు. ట్రాయ్‌లో మేం అద్దెకుంటున్న ఇంట్లో నా కిటికీ తెరిస్తే చెత్త డబ్బాలు. ఆ అరుగు మీద కూర్చున్న క్షణంలోనే ఈ ఇల్లు మాదైపోవాలని అనుకున్నాను. పైకి అనలేదు. నేనేదీ పైకి అనను.

అమ్మ మాత్రం అన్నీ పైకే అంది. బట్టలుతుక్కోవడానికి బేస్‌మెంట్‌కి దిగాలి. పొయ్యి మీద పొగ బయటికి పోయే దారి లేదు. ఇంగువ పోపు వేస్తే అంతస్తంతా మన భోజనమే. బాల్కనీ గోడ మీద చెయ్యి పెట్టి, వేళ్ళు చూసుకుని, "సున్నిపిండిలా రాలుతోందండీ," అంది.

"ఒక కోటు పెయింట్ వేస్తే సరిపోతుంది," అన్నాడు ఏజెంట్. ఇంకెవరో కూడా అడుగుతున్నారట, సోమవారం లోపు ఆఫర్ పెట్టమన్నాడు.

కింద లాబీలో వాళ్ళు మాట్లాడుకుంటుంటే నేను సోఫాలో కూర్చున్నాను. పక్కన ఊదారంగు స్వెటర్ వేసుకున్న ఒక ముసలావిడ నన్ను చూసి నవ్వి, కొనబోతున్నారా అని అడిగింది. తల ఊపాను. అప్పుడామె నిట్టూర్చి, ఆకులు రాలే వేళకి స్పెషల్ అసెస్‌మెంట్ ఉందనీ, తను గట్టెక్కుతుందో లేదో తెలియదనీ, కొందరైతే ఖాళీ చేసి వెళ్ళిపోవాల్సి వస్తుందనీ చెప్పింది. పేరు ఐరీన్ అంది. నేను నా పేరు కూడా చెప్పలేకపోయాను.

అసెస్‌మెంట్ అంటే ఏమిటో నాకు బాగా తెలుసు. మోపిదేవి పక్కన మా ఊరి హైస్కూల్లో తొమ్మిది వరకు తెలుగులో చదివి వచ్చినదాన్ని. ఇక్కడి స్కూల్లో ప్రతి శుక్రవారం ఇంగ్లీషులో మాట్లాడించి మార్కులేస్తారు. దాని పేరే అసెస్‌మెంట్. అంటే ఆ భవనంలో ఉండాలంటే ఇంటిల్లిపాదికీ పరీక్ష! అదీ స్పెషల్!

సాయంత్రం నాన్న స్నేహితుడు కోటేశ్వరరావు అంకుల్ వచ్చాడు. నాన్న సరస్సు గురించి, అమ్మ సున్నిపిండి గురించి చెప్పారు. అంకుల్ బజ్జీలు తింటూ ఇద్దరికీ తలూపాడు.

"భవితా, నీకు నచ్చిందా?" అన్నాడు నాన్న.

ఆ అరుగు గుర్తొచ్చింది. ఆ వెంటనే కన్నీళ్ళొచ్చాయి.

"నేను ఫెయిలైతే మీరు కూడా ఖాళీ చేయాలా నాన్నా?"

అర్థం కాక మళ్ళీ మళ్ళీ అడిగి, మొత్తం చెప్పించారు. నాన్న పగలబడి నవ్వాడు. అమ్మ కొంగు అడ్డం పెట్టుకుంది. అంకుల్ మాత్రం చేతిలోని బజ్జీని ప్లేట్లో పెట్టేశాడు.

"నవ్వకు వీరాంజనేయులూ. పరీక్షేనోయ్. రాసేది నీ పర్సు. బిల్డింగ్‌కి పెద్ద రిపేర్ వస్తే ఖర్చు ఇళ్ళవాళ్ళందరి మీదా వేస్తారు. దాన్నే స్పెషల్ అసెస్‌మెంట్ అంటారు. ఏజెంట్ ఈ ముక్క చెప్పాడా?"

నాన్న నవ్వు ఆగిపోయింది.

"అదేం రిపేరో ముందు తెలుసుకో. ఏజెంట్ని కాదు, ఆ ముసలావిడనే అడుగు."

"ఆవిడ మాకు తెలియదే!" అంది అమ్మ.

ముగ్గురూ నా వైపు తిరిగారు.

ఆదివారం దారి పొడుగునా ఒకే వాక్యాన్ని మనసులో అప్పజెప్పుకుంటూ వెళ్ళాను. ఐరీన్ లాబీలో అదే సోఫాలో ఉంది. అమ్మానాన్నా తలుపు దగ్గరే ఆగిపోయారు. నేర్చుకున్న వాక్యం గాలికెగిరిపోయింది. "ఐరీన్ ఆంటీ," అన్నాను.

"ఆంటీనా!" ఆమె ముఖం వెలిగిపోయింది. ఇంక వెనక్కి వెళ్ళే దారి లేదు. ఆ పరీక్ష దేనికి, నేను కూడా రాయాలేమో అనుకున్నాను, అని ఇంగ్లీషులో ముక్కలు ముక్కలుగా చెప్పేశాను. ఆమె నవ్వి నవ్వి కళ్ళజోడు తీసి తుడుచుకుంది. తర్వాత అన్నీ చెప్పింది. బాల్కనీలన్నీ పగలగొట్టి కొత్తగా కడతారు. ఏడాదిన్నర ఆ తలుపులు తెరవకూడదు. ఒక్కో ఇంటికి దాదాపు ఒక చిన్న కారు ఖరీదు పడుతుంది. తను వాయిదాల్లో కట్టడానికి అడుగుతోంది. అన్నీ అయ్యాక భవనం ఇంకో ఏభై ఏళ్ళు కదలదట.

కారులో అమ్మ, "చూశారా, సున్నిపిండి!" అంది. నాన్న ఒప్పుకున్నాడు. అసెస్‌మెంట్ డబ్బు ఇల్లు అమ్మేవాళ్ళే కట్టాలని ఆఫర్‌లో రాయించాడు.

"ఏడాదిన్నర బాల్కనీ ఉండదు రేణూ."

"సగం కాలం మంచు కురుస్తూనే ఉంటుందిగా! గడ్డకట్టడానికి బయటికి వెళ్తామా?" అంది అమ్మ.

బుధవారం అమ్మేవాళ్ళు సరేనన్నారు. పోపు వేసేటప్పుడు కిటికీ తీయాలన్నది అమ్మ షరతు.

ఇప్పుడు మిషన్ల చప్పుడు మధ్య నా అరుగు మీద కూర్చుని చదువుకుంటున్నాను. లిఫ్ట్‌లో కనబడినప్పుడల్లా ఐరీన్ ఆంటీ, "పాసయ్యావా?" అని అడుగుతుంది. మొదట్లో తల ఊపేదాన్ని. నిన్న మాత్రం, "నేను పాసయ్యాను. మరి మీరు?" అన్నాను. ఆమె వాయిదాల్లో కట్టడానికి బిల్డింగ్‌వాళ్ళు ఒప్పుకున్నారట. ఆ సంగతి చెబుతూ ఉండగా ఆమె దిగాల్సిన అంతస్తు దాటిపోయింది. ఇద్దరం పద్నాలుగు దాకా మాట్లాడుకుంటూ వచ్చేశాం.