సంతకం పెట్టినోళ్ళ వంతెన

పొద్దున్నే వెంగయ్య పంచె ఎగ్గట్టి, పాల క్యాను నెత్తిన పెట్టుకుని వాగులో దిగేసరికి తలపైన గాలిలో వలి మోటార్ సైకిల్ చప్పుడైంది.

"ఏం మామా, ఇయాళ ఏడిదాకా ఉండాయి నీళ్ళు?" పైనుంచి వంగి అడిగాడు వలి.

"మొలదాకా. నువ్వు కిందికి చూడబాకరా, కళ్ళు తిరిగి పడతావు."

వలి నవ్వుకుంటూ, కింద ఆనుకునేందుకు ఏమీ లేని గాలి మీదే బండి పోనిచ్చి, అవతలి గట్టున ఉదయగిరి రోడ్డెక్కాడు.

ఆ పాలేనికి వంతెన మంజూరైంది, కట్టడం పూర్తయిందన్నారు, బిల్లులూ పాసయ్యాయి. వాగులో మాత్రం ఒక్క స్తంభమూ లేదు. అయితే వంతెన పూర్తయిందని ఒప్పుకుని ఇంటి పెద్ద సంతకం పెడితే, ఆ రోజుకి ఆ ఇంట్లో ఉన్నవాళ్ళందరినీ అది మోసేది. పెట్టకుండా అడుగేస్తే నీళ్ళలో పడేవాళ్ళు. మొదట అధికారుల జీపు దాటింది. తర్వాత బడి కోసమని ఒక ఇల్లు, ఆస్పత్రి కోసమని ఒక ఇల్లు సంతకం పెట్టాయి. ఆ తర్వాత పుట్టిన బిడ్డల చేత ఆస్పత్రిలోనే వేలిముద్ర వేయించి తెచ్చుకునేవాళ్ళు. అది మామూలైపోయింది.

మిగిలింది వెంగయ్య, అతని దగ్గరే ఉండే కూతురు జెస్సికా. అసలు వంతెనే లేదని హైకోర్టులో కేసు వేసింది వెంగయ్యే. "నువ్వు సంతకం పెట్టిన రోజు కేసు పోయినట్టే" అని ఆత్మకూరు వకీలు ముందే చెప్పాడు.

తుఫానుకు ఉదయగిరి కొండ మీద కురిసిన వానంతా వాగులోకి దిగిన మధ్యాహ్నం, జెస్సికాకు నొప్పులు మొదలయ్యాయి. అవతలి గట్టున 108 వచ్చి ఆగింది. వీఆర్వో మోహన్‌కృష్ణ కాగితంతో ఇంటికే వచ్చాడు.

"పెట్టబాక నాయనా. నువ్వొక్కడివే మిగిలినావు," అంది జెస్సికా పళ్ళు బిగబట్టి.

"నోరు మూసుకోవే," అని వెంగయ్య సంతకం చేశాడు. కూతుర్ని పట్టుకుని గాలి మీద నడిచాడు. ఇన్నేళ్ళూ తను దిగి దాటిన వాగును మొదటిసారి పైనుంచి చూశాడు. ఎర్రగా, లోతు తెలియకుండా పారుతోంది.

ఆడపిల్ల పుట్టింది. ఆస్పత్రిలో ఉండగానే వకీలు ఫోన్ చేశాడు. "కొట్టేశారు పెద్దాయనా. ఇబ్బంది పడేవాళ్ళు ఇంకెవరూ లేరన్నారు."

తిరిగొచ్చిన రోజు వంతెన మీద జెస్సికా అడుగు పెట్టగానే, చంటిది చేతుల్లోంచి కిందికి జారబోయింది. ఆమె కెవ్వుమని వెనక్కి తగ్గింది. తనే వాగులో దిగి దాటిద్దామని వెంగయ్య కాలు చాపాడు. పాదం నీటిని తాకలేదు. గాలిలోనే ఆగింది. పాలెంలో ఇక తడిసే కాళ్ళు లేవు.

మోహన్‌కృష్ణ ఇంకుప్యాడుతో పరుగున వచ్చాడు. "ఆస్పత్రిలో వేయించుకోలేదా? ఏం పర్లేదు, బొటనవేలు ఇటియ్యండి. ఒక్క నిమిషం పని."

వెంగయ్య చంటిదాని పిడికిలిని తన చేత్తో మూసి పట్టుకున్నాడు.

"బిడ్డని చలిలో ఎంతసేపు నిలబెడతావు పెద్దాయనా?"

వెంగయ్య కూతురి వైపు తిరిగాడు. "పేరు పెట్టినావా దీనికి?"

"ఇంకా లేదు నాయనా."

"పెట్టు. వకీలు అడుగుతాడు," అని చంటిదాన్ని భుజానికెత్తుకుని, ఆత్మకూరు బస్సుకు చెయ్యెత్తాడు.