సగం సరస్సు

ఆర్‌వీ అంటే చక్రాల మీద ఇల్లని అందరూ మురిసిపోతారు. పొయ్యి ఉంటుంది, మంచాలుంటాయి, ఫ్రిజ్ ఉంటుంది, ఆఖరికి మరుగుదొడ్డి కూడా ఉంటుంది. ఆ మరుగుదొడ్డిలోది ఎక్కడికి పోతుందని మాత్రం ఒక్కరూ అడగరు. ఎక్కడికీ పోదు తల్లీ! మన కాళ్ళ కింద టాంకులోనే కూర్చుంటుంది. అది నిండాక, క్యాంపుగ్రౌండ్‌లో డంప్ స్టేషన్ అని ఒక చోటుంటుంది, అక్కడ బండి ఆపి, లావుపాటి గొట్టం బిగించి, మన చేతులతో మనమే వదలాలి.

ఈ సంగతి మాకు బండి అద్దెకు మాట్లాడుకోవడానికి వెళ్ళిన రోజు తెలిసింది. ఆకులు రంగు మారే రోజుల్లో లేక్ సుపీరియర్ అనే ఆ మహా సరస్సు చుట్టూ తిరిగి రావాలని నాకు ఎన్నేళ్ళనుంచో కోరిక. మా ఆయన రంగనాథ్ సర్జన్‌గా ఉన్నంతకాలం నాకా భాగ్యం పట్టలేదు, రిటైరయ్యాక కుదిరింది. తోడుగా మా స్నేహితులు చక్రధర్‌గారు, ఆయన భార్య మీనాక్షి బయల్దేరారు. చక్రధర్‌గారు ఇక్కడే, కెనడాలో మేముండే మిస్సిసాగాలో, ఒక మందుల కంపెనీకి డైరెక్టరు. యార్డువాడు గొట్టం చేత్తో పట్టుకుని ఎలా బిగించాలో, ఎలా కడగాలో చూపిస్తుంటే, జీవితమంతా మనుషుల పేగులు కోసి కుట్టిన మా ఆయన ముక్కు మూసుకుని కారు దగ్గరకు వెళ్ళిపోయారు.

ఇంటికి రాగానే మొదలుపెట్టారు ఒక్కొక్కరూ. "నేనైతే ఆ బాత్రూమ్ గడప కూడా తొక్కను వదినా" అంది మీనాక్షి. "మనం క్యాంపుగ్రౌండ్‌వాళ్ళ బాత్రూమ్‌లే వాడదాం" అన్నారు చక్రధర్‌గారు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టెడు రొయ్యలు మాయం! ఈ వయసులో, ఆ చలిలో, చెట్ల మధ్య నడుచుకుంటూ వెళ్ళేవాళ్ళెవరో నేనూ చూస్తాగా.

"అప్పటి సంగతి అప్పుడు చూద్దాంలే" అంటూ మా ఆయన టీవీ పెట్టుకున్నారు. ఆ 'అప్పుడు'కు అర్థమేమిటో నాకు బాగా తెలుసు. అత్తగారు మంచాన పడ్డ అప్పుడు నేనే. పిల్లలకు వాంతులయిన అప్పుడు నేనే. ఈయన మోకాళ్ళ ఆపరేషనప్పుడు బెడ్‌పాన్ ఎత్తిందీ నేనే. నా ముచ్చట తీరడానికి వేసుకున్న ఒక్క ప్రయాణంలో కూడా అదే చాకిరీ చెయ్యాలా? చచ్చినా చెయ్యను అనుకున్నాను.

అప్పుడు గుర్తొచ్చింది ధరణి.

ధరణి మా బేస్‌మెంట్‌లో అద్దెకుంటున్న పిల్ల. విమానం విమానమంతా మన స్టూడెంట్లతోనే నిండి దిగుతున్న రోజులవి. ఊళ్ళో ఏ బేస్‌మెంట్ చూసినా పరుపు పక్కన పరుపు. నేను మాత్రం దానికి విడిగా గది ఇచ్చాను, ఆ మాట మర్చిపోకండి. హనుమకొండలో ఫార్మసీ చదివింది. ఇక్కడ లండన్‌లో, అంటే మన ఒంటారియో లండన్‌లోనే, కాలేజీ పూర్తి చేసింది. చదువుకు తగ్గ ఉద్యోగం దొరక్క ఎయిర్‌పోర్టు పక్కన గోడౌన్‌లో అట్టపెట్టెలు సర్దుతోంది. వర్క్ పర్మిట్ జనవరితో ఆఖరు. ఈలోగా ఫార్మా కంపెనీలో కాలు పెడితే పీఆర్ మీద, అంటే ఇక్కడే స్థిరపడే అనుమతి మీద, ఆశ పెట్టుకోవచ్చు, లేదంటే పెట్టె సర్దుకుని హనుమకొండ పోవాల్సిందే.

కిందికి దిగి, "ధరణీ, మాతో ట్రిప్‌కి వస్తావా? చక్రధర్ అంకుల్ కూడా వస్తున్నారు" అన్నాను.

"ఫార్మా కంపెనీ అంకులా ఆంటీ?" దాని కళ్ళు ఇంతింతయ్యాయి.

"ఆయనే. పొద్దస్తమానం ఒకే బండిలో ఉంటారు. నీ పనితనం కళ్ళారా చూస్తారు. అంతకంటే ఇంటర్వ్యూ ఏముంటుందే పిచ్చిదానా?"

గొట్టం సంగతి ఆ తర్వాత మెల్లిగా చెప్పాను. "అదెంత పని ఆంటీ, నేను చేస్త" అంది.

"పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టు, ఆ పిల్లెందుకు వదినా మనతో?" అని మీనాక్షి సణిగింది. "అయితే గొట్టం నువ్వు పట్టుకో" అన్నాను. మళ్ళీ నోరెత్తితే ఒట్టు.

ఆ పై ఆదివారం నుంచీ ప్లానంతా ధరణి చేతుల్లోకి వెళ్ళిపోయింది. మా హాల్లో మ్యాప్ పరిచి కూర్చునేది. ఏ క్యాంపుగ్రౌండ్ ఎప్పుడు మూసేస్తారు, వావా అనే ఊరు దాటాక పెట్రోలు ఎక్కడ దొరుకుతుంది, ఒడ్డు కంటే ముందు లోపలి కొండల మీద ఆకులు ఎర్రబడతాయి కాబట్టి ముందు ఎటు పోవాలి, అన్నీ దానికే తెలుసు. చక్రధర్‌గారు మొదట్లో వినీ విననట్టు కూర్చునేవారు. తర్వాత్తర్వాత "ధరణి ఏమంటే అదే" అనడం మొదలుపెట్టారు. అది యార్డుకు వెళ్ళి గొట్టం బిగించడం కూడా నేర్చుకుని వచ్చింది. వచ్చి ఒకటికి రెండుసార్లు చేతులు కడుక్కుని అందరికీ కాఫీ కలిపింది. మీనాక్షి ఆ కప్పు ముట్టుకోలేదు. ధరణి చూసింది, చూడనట్టే కప్పు తీసుకెళ్ళి సింకులో పెట్టింది.

ఇంతలో అమెరికా గొడవొకటి వచ్చింది. సరస్సు చుట్టూ తిరగాలంటే థండర్ బే దాటాక అమెరికాలోకి వెళ్ళాలి. మా నలుగురికీ కెనడా పాస్‌పోర్టులు, ఆ ధ్యాసే లేదు. వీసా లేని ధరణి, "నేను థండర్ బేలో దిగి బస్సుకు వెనక్కొస్త అంకుల్, మీరు పోయి రండి" అంది.

"ఆడపిల్లని ఒంటరిగా దింపేసి పోతామా? అమెరికా వైపు మానేద్దాం. వెళ్ళిన దారినే తిరిగొద్దాం" అన్నాను.

అందరూ నన్ను దేవతను చూసినట్టు చూశారు. ధరణికి కళ్ళ నీళ్ళు తిరిగాయి. "నా కోసం సగం సరస్సు వదులుకున్నరు ఆంటీ" అంటూ నా చెయ్యి పట్టుకుంది. నిజం చెప్పొద్దూ, అమెరికా వైపు గొట్టం ఎవరు పడతారన్నదే నా బెంగ.

సెప్టెంబర్ సగం గడిచాక చక్రధర్‌గారు ఫోన్ చేశారు. "వదినగారూ, మీ ధరణిది మామూలు బుర్ర కాదండీ. మా క్వాలిటీ డిపార్ట్‌మెంట్‌లో ఒక పోస్ట్ ఉంది. తనని తీసుకుందామనుకుంటున్నా. మీ ఇంట్లోనే ఉంటోంది కదా, నిలకడైన పిల్లేనా?"

నాకు నిజంగానే సంతోషమేసింది. ఒక్క క్షణం.

"ఎప్పుడు చేరాలి?" అన్నాను.

"నెలాఖరు సోమవారం. ట్రైనింగ్ బ్యాచ్ ఆ రోజే మొదలు. అది తప్పితే మళ్ళీ వసంతంలోనే."

మేము బయల్దేరేది దానికి ముందు శనివారం. "మరి మన ట్రిప్పో?" అన్నాను.

"మనం నలుగురం లేమా? గొట్టమేగా వదినగారూ, అప్పటి సంగతి అప్పుడు చూసుకుందాం" అని నవ్వారు.

ఒళ్ళు భగ్గున మండింది. ఈ మగాళ్ళందరూ ఒకే బళ్ళో చదివి చచ్చారా? డైరెక్టరు పట్టుకోడు, సర్జన్ పట్టుకోడు, మీనాక్షి గడపే తొక్కదు. ఇక మిగిలింది ఈ సూర్యకుమారి, ఆమె నెత్తినెయ్యండి! ఆకులు ఆ పిల్ల కోసం ఆగుతాయా? ఉద్యోగాలంటే ఇవాళ కాకపోతే రేపొస్తాయి.

"పిల్ల బంగారమేనండీ" అన్నాను మెత్తగా. "కాకపోతే మనసంతా అటు విన్నిపెగ్ వెళ్ళిపోవడం మీదే ఉంది. వాళ్ళ కజిన్ అక్కడుంది. అక్కడైతే ప్రావిన్స్ వాళ్ళే పీఆర్‌కి తొందరగా నామినేట్ చేస్తారట. తీరా ట్రైనింగ్ ఇచ్చాక వెళ్ళిపోతే మీకు మాట వస్తుందేమో, చూసుకోండి."

కజిన్ ఉన్నమాట నిజమే. అక్కడికి వెళ్ళే ఆలోచన దానికి కలలో కూడా లేదు.

"అలాగా! మంచిపని చేశారు చెప్పి" అన్నారాయన. "నేను చెప్పినట్టు దానితో అనకండి, చిన్నబుచ్చుకుంటుంది" అన్నాను. అదీ అయిపోయింది.

బయల్దేరేదాకా రోజూ అదే ప్రశ్న. "అంకుల్ ఏమన్న అన్నరా ఆంటీ?" అని మెట్ల మీద నిలబడేది. "ముందు ట్రిప్ కానీవే, ఆయనేమైనా పారిపోతారా" అనేదాన్ని. గోడౌన్‌లో సెలవు ఇవ్వలేమన్నారట. ఆ పని మానేసి మరీ మాతో బండెక్కింది.

దారి పొడుగునా ఎంత బాగుందో చెప్పలేను. కొండలకు కొండలు కుంకుమా పసుపూ చల్లినట్టున్నాయి. ఆ నీళ్ళకి అవతలి ఒడ్డన్నదే లేదు. వావా దగ్గర క్యాంపుగ్రౌండ్‌లో రెండు రోజులున్నాం. వాడనే వాడమన్నవాళ్ళంతా భేషుగ్గా వాడారు, టాంకు నిండింది. బయల్దేరబోతూ డంప్ స్టేషన్ పక్కన బండి ఆపాం. ధరణి చేతి తొడుగులు వేసుకుంటోంది. ఊరికే నిలబడలేక, చక్రధర్‌గారు టీ తాగుతూ అడిగారు.

"విన్నిపెగ్ ఎప్పుడు వెళ్తున్నావమ్మా?"

"విన్నిపెగ్ ఏంది అంకుల్?"

"అదే, మీ కజిన్ దగ్గరికి. నువ్వు వెళ్ళిపోతున్నావనేగా ఆ పోస్ట్ వేరేవాళ్ళకిచ్చాం. లేకపోతే ముందు నిన్నే అనుకున్నాను."

ఒక తొడుగు చేతికి, ఒక తొడుగు చేతిలో, అలాగే ఉండిపోయింది ధరణి. "నేనెక్కడికీ పోతలేను అంకుల్. ఎవరు చెప్పిన్రు మీకు?"

ఆయన నావైపు చూశారు. మా ఆయన తన కప్పులోకి చూసుకున్నారు.

"ఇప్పుడన్నా చేరుత అంకుల్. ఈడనుంచే బస్సెక్కుత."

"అయ్యో, బ్యాచ్ మొదలైపోయిందమ్మా. మళ్ళీ వసంతంలో చూద్దాం. నీ పర్మిట్ ఎప్పటిదాకా?"

"జనవరి."

"ఓ..." అన్నారాయన. జేబులోంచి ఫోన్ తీసి నీళ్ళవైపు పెట్టి చూసుకోసాగారు.

ధరణి నా దగ్గరికొచ్చింది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. "నేను మీకు ఏం చేసిన ఆంటీ?" అంది.

తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని కూర్చునే రకం కాదు నేను. పైగా అడిగినదానికి నిజం చెప్పడమే మర్యాద.

"నువ్వేం చేశావని కాదమ్మా. నువ్వు పోతే ఇదెవరు చేస్తారు?" అన్నాను.

అది మా నలుగురి మొహాలూ ఒక్కొక్కటే చూసింది. మీనాక్షి శాలువా సర్దుకుంది. మా ఆయన కప్పులో మిగిలిన టీ గడ్డిలో పారబోశారు. నలుగురిలో ఒక్కరంటే ఒక్కరు "నేను చేస్తాలే" అనలేదు. నేనూ అనలేదు. చుట్టూ అడవి, ఊరికి పోవాలంటే మా బండే గతి. ధరణి రెండో తొడుగు కూడా వేసుకుని బండి వెనక్కి వెళ్ళింది. గొట్టం లాగుతున్న చప్పుడు వినిపించింది.

మేం నలుగురం సరస్సు వైపు తిరిగాం. చక్రధర్‌గారు చెయ్యి చాచి ఫోన్ పట్టుకుని, ఫొటోలో అందరూ పట్టాలి, కొంచెం దగ్గరికి జరగండి అన్నారు. జరిగాం.