గంజి పెట్టిన నోట్లు

మార్కండేయులు గారిని ఎరిగినవాళ్ళు తగ్గిపోతున్నారు. ఎరగనివాళ్ళు ఆయన గురించి చెప్పే కథలు మాత్రం పెరిగిపోతున్నాయి. మొన్న ఒక పెళ్ళి పందిట్లో పక్కన కూర్చున్న పెద్దమనిషి, ఆయన నోటును వాసన చూసి అది ఏ దేశానిదో చెప్పేవారని నాకే చెప్పాడు. ఇది నిజం కాదు. ఆయనకు జన్మంతా జలుబే. అందుకని, నా కళ్ళతో చూసిన సంగతి ఒకటి ఉన్నదున్నట్టు రాసి పెట్టడం మంచిదనిపించింది.

విజయవాడను మేమంతా ఇంకా బెజవాడ అంటున్న రోజులు. యుద్ధం సాగుతున్నది. నేను కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేవాణ్ణి. మార్కండేయులు గారిది పాతబస్తీలో చీరల కొట్టు. తాతముత్తాతలు మగ్గం నేసినవాళ్ళు. ఈయన తరానికి మగ్గం దిగి కొట్టు ఎక్కారు. కొట్లో కూర్చున్నంతసేపూ ఆయన అందరిలాంటి వ్యాపారే. కొట్టు కట్టేశాక మాత్రం ప్రపంచంలోని కాగితపు డబ్బు మీద పరిశోధకుడు.

స్టేషనులో సైనికుల రైలు ఆగిందని తెలిస్తే చాలు, చంకలో జేబురుమాళ్ళ కట్టతో ప్లాట్‌ఫారం మీద ప్రత్యక్షమయ్యేవారు. ఒక రుమాలు ఇచ్చి ఒక నోటు పుచ్చుకొనేవారు. ఈజిప్టు నుంచి తిరిగి వస్తున్నవాడి దగ్గర ఈజిప్టుది, ఇరాకు నుంచి వస్తున్నవాడి దగ్గర ఇరాకుది. నూలు పోగులు లెక్కపెట్టే చిన్న భూతద్దాన్ని నోటు మీద పెట్టి, ఊపిరి బిగబట్టి చూసేవారు. ఇంటికి వచ్చినవారిని పరుపు మీద కూర్చోబెట్టి, మల్లు గుడ్డ మడతల్లోంచి ఒక్కొక్క నోటే తీసి, చీర పరిచినట్టే పరిచేవారు. "అంచు చూడండి ఎంత సన్నమో! ఈ రంగు మన దగ్గర రాదండీ" అనేవారు. బేరం ఒక్కటే తక్కువ.

ఆయనకు ఇక్కడ చెల్లే నోటు మీద ఆసక్తి లేదు. మునిగిపోయిన బ్యాంకులవీ, కూలిపోయిన రాజ్యాలవీ అయితే మరీ ఇష్టం. నేను ఒకసారి హేళన చేశాను.

"మాట ఇచ్చినవాడు పోయాక ఆ మాట కాగితాన్ని ఇంత భక్తిగా దాచుకోవడం ఏమిటండీ మార్కండేయులు గారూ? ఇదీ ఒక పూజే."

"దేవుణ్ణి నమ్మనంటారు గదండీ మాష్టారూ మీరు" అన్నారాయన నెమ్మదిగా. "మరి మీ జేబులో పది రూపాయల నోటు మీద ఎవరో దొరగారు చేసిన సంతకాన్ని నమ్ముతున్నారా లేదా? ఆయన్ని మీరు ఎప్పుడన్నా చూశారా?"

సమాధానం చెప్పడానికి నాకు వారం పట్టింది. చెప్పినా ఆయన ఒప్పుకోలేదు.

నోట్లన్నీ దాచుకున్న రెండు రేకు పెట్టెల్లోనూ ఆయన ప్రాణం పెట్టుకున్న నోటు ఒక్కటే: కంపెనీ రోజుల నాటి మద్రాసు బ్యాంకు నోటు. ఒకవైపే అచ్చు, సంఖ్య చేత్తో సిరాతో రాసి ఉండేది. తాతగారి అద్దకం గుడ్డల మూటలో దొరికింది. మద్రాసులో ఇలాంటి విషయాలు చదువుకున్న అచ్యుతరామారావు గారనే విద్వాంసుడు దాని ఫోటో చూసి, ఇది తర్వాతెవరో చేసిన నకలు అని రాశారు. దాంతో మార్కండేయులు గారికి నెల రోజులు అన్నం సయించలేదు. చివరకు ఆ విద్వాంసుడే, వచ్చే ఆదివారం స్వయంగా వచ్చి నోట్లన్నీ చూస్తానని కబురు పంపారు.

ఆ వారంలోనే మైలవరంలో ఎవరింట్లోనో పాత నోటు ఉందని వినబడి మార్కండేయులు గారు అక్కడికి వెళ్ళారు. ఇంట్లో భార్య రావమ్మ గారు పెట్టెలు తెరిచి చూశారు. మద్రాసు నుంచి పెద్దమనిషి వస్తున్నాడు. సరుకు చూస్తే వాడిపోయిన తోటకూరలా వేళ్ళ మీద వాలిపోతున్నది. ఆమె పుట్టింట్లో ఇంకా మగ్గాలు ఆడుతున్నాయి. గంజి పెట్టని గుడ్డను కొనేవాడి ముందు పరచడం ఆమె దృష్టిలో అతిథిని అవమానించడమే. పలచటి గంజి కాచి, వడగట్టి, పడుగు దువ్వే కుంచె మెత్తనిది తీసుకుని, నోట్లన్నిటికీ వెనకవైపు ఒద్దికగా అద్దారు. డాబా మీద నూలు దారం కట్టి, వాటిని వరుసగా ఆరవేశారు.

ఎదురింటి డాబా అంకమ్మరావుది. ఆయనదీ చీరల కొట్టే. మార్కండేయులు గారి డాబా మీద తడి నోట్లు వరుసలుగా వేలాడుతూ గాలికి ఊగుతుండగా ఆయన చూశాడు. తడి ఆరని నోట్లు ఏ ఇంట్లో ఉంటాయో ఆలోచించడానికి ఆయనకు ఎక్కువసేపు పట్టలేదు. తిన్నగా పోలీసుల దగ్గరికి వెళ్ళాడు.

మర్నాడు ఉదయం క్లాసులో ఉండగా కానిస్టేబులు వచ్చి నన్ను పిలిచాడు. అయోడిన్ సీసా కూడా తెమ్మన్నారట. దానికి కారణం ఉంది. దొంగనోట్లను పట్టుకోవడం గురించి లైబ్రరీలో నేను ఒక ఉపన్యాసం ఇచ్చాను. మంచి నోటు కాగితం గుడ్డపీలికలతో చేస్తారు. బజారు కాగితంలో సాధారణంగా గంజిపదార్థం కలుస్తుంది. అయోడిన్ చుక్క వేస్తే గంజి ఉన్నచోట నీలంగా మారుతుంది అని చెప్పాను. ఆనాడు ముందువరసలో కూర్చుని, నిద్రపోకుండా విన్న ఒకే ఒక శ్రోత ఇన్‌స్పెక్టరు కృపానందం గారు.

నేను వెళ్ళేసరికి ఆయన మార్కండేయులు గారి పరుపు మీద, లాఠీ పక్కన పెట్టుకుని కూర్చుని ఉన్నారు. రెండు పెట్టెలూ తెరిచి ఉన్నాయి. మైలవరం బస్సు దిగి అప్పుడే వచ్చిన మార్కండేయులు గారు, భుజాన సంచీ కూడా దించకుండా, స్తంభానికి ఆనుకుని నిలబడ్డారు. అంకమ్మరావు గుమ్మం బయటే ఉన్నాడు. లోపలికి రాలేదు, ఇంటికీ పోలేదు.

"రండి మాష్టారూ" అన్నారు ఇన్‌స్పెక్టరు. "బర్మాలో జపానువాడు వేసిన నోటు కూడా ఉందండీ ఇందులో. అదేమంటే రుమాలు ఇచ్చి పుచ్చుకున్నానంటారు. డాబా మీద ఎందుకు ఆరవేశారంటే, ఆ తల్లి గంజి పెట్టానంటుంది. నా సర్వీసులో నోట్లకు గంజి పెట్టిన ఇల్లాలిని చూడలేదు. మీరు చుక్క వెయ్యండి. దొంగనోట్లని తేలితే పెట్టెలు రెండూ స్టేషనుకు పోతాయి. ఆ తర్వాత తగలబెడతారు."

"తగలబెట్టేదాకా ఎందుకండీ?" అన్నారు మార్కండేయులు గారు నీరసంగా. "మీ స్టేషను గదిలో చెదలున్నాయి. నేను చూశాను."

జర్మనీవాడి లక్ష మార్కుల నోటు ఒకటి తీసి మూల మీద చుక్క వేశాను. నీలంగా మారింది. టర్కీది తీశాను. అదీ అంతే. ఆఖరికి మన ప్రభుత్వం వేసిన పాత నోటు కూడా నేరేడుపండులా నీలమెక్కింది. ఇన్‌స్పెక్టరు మీసం సవరించుకున్నారు.

"నే చెప్పలా?" అన్నాడు గుమ్మం బయట అంకమ్మరావు.

వంటింటి తలుపు వెనకనుంచి రావమ్మ గారి గొంతు వినిపించింది.

"గంజి పెట్టాను మొర్రో అని పొద్దుట్నుంచీ మొత్తుకుంటున్నా, ఎవరన్నా వింటేగా! మాష్టారూ, మీరైనా చెప్పండి. గంజి పెడితే గంజి కనపడదేవిటి? అంకమ్మరావు అన్నయ్యగారి కొట్లో చీరలకైతే గంజే ఎక్కువ, నూలే తక్కువ. ఆయన్నెవరూ పట్టుకోరేం?"

"చెల్లెమ్మా, నా సరుకు మాటెందుకిప్పుడు?" అన్నాడు అంకమ్మరావు.

ఆమె మాట సబబైనది. "ఇన్‌స్పెక్టరు గారూ, అయోడిన్ గంజి ఉన్నదని చెబుతుంది. దొంగతనం ఉన్నదని చెప్పదు" అన్నాను. ఆయన నమ్మినట్టు కనిపించలేదు. ఉదాహరణ చూపించడం బోధకుడి ధర్మం గనుక, చాకలి ఇస్త్రీతో అట్టముక్కలా నిలబడ్డ ఆయన ఖాకీ నిక్కరు అంచు మీద ఒక చుక్క వేశాను. అణా కాసంత నీలి మచ్చ పడింది.

కానిస్టేబులు గోడవైపు తిరిగి దగ్గాడు.

"మీ నిక్కరు కూడా దొంగదేనా అండీ?" అన్నారు మార్కండేయులు గారు. ఆయన గొంతులో ఆ ఉదయం మొదటిసారి ప్రాణం వచ్చింది.

కృపానందం గారు మచ్చను వేలితో రుద్దారు. అది పోలేదు. కోప్పడతారనుకున్నాను, ఆలోచించారు. "సరేనండి. పైన గంజి ఉంది. ఒప్పుకున్నాను. మరి గంజి కింద ఏముందో?"

నా విద్యార్థులెవరూ నన్ను అంత మంచి ప్రశ్న అడగలేదు. జవాబు చెప్పక తప్పలేదు. "ఒక నోటును గోరువెచ్చని నీళ్ళలో ఉతకాలి. గంజి పైపైనే ఉంటే నీళ్ళలోకి దిగిపోతుంది. తర్వాత చుక్క వేస్తే కాగితం నీలం కాదు. గంజి కాగితంలోనే కలిసి ఉంటే, ఎన్ని నీళ్ళు మార్చినా నీలం అవుతుంది."

"ఏదో ఒకటి ఇవ్వండి" అన్నారు ఇన్‌స్పెక్టరు, మార్కండేయులు గారితో. "నీలం కాకపోతే లేచి వెళ్ళిపోతాను. నీలమైతే పెట్టెలు తీసుకుపోతాను."

అప్పుడు మొదలైంది అసలు బాధ. జర్మనీ నోట్లు ఒకే రకానివి డజను ఉన్నాయి గదా, ఒకటి ఇమ్మన్నాను. ఒకే రకానివి కావట. ఒకదానికి అచ్చులో చుక్క ఉంది, ఒకదానికి లేదు, ఇంకొకదానికి ఉన్నట్టూ లేనట్టూ ఉంది. టర్కీదైతే ఇచ్చినవాడు ఆ తర్వాత యుద్ధంలో పోయాడు. ఇరాకుదాని రంగు నీళ్ళకు ఆగదు. ఆయన ఒక్కొక్కటే తీసి, భూతద్దంతో చూసి, మళ్ళీ మడతలో పెట్టేస్తున్నారు.

"ఆడపిల్లకి సంబంధం చూస్తున్నట్టుందండీ ఇది" అన్నారు ఇన్‌స్పెక్టరు.

చివరికి మార్కండేయులు గారి చెయ్యి రెండో పెట్టె అడుగుకు వెళ్ళింది. మద్రాసు బ్యాంకు నోటు తీసి నా ముందు పెట్టారు.

తలుపు వెనక గాజులు గలగలమన్నాయి. "అది వద్దండీ! అది తాతగారిది!"

నేను ఆయన పక్కకు జరిగాను. గొంతు తగ్గించి చెప్పాను. "ఇంకేదన్నా ఇవ్వండి. దీన్ని నకలని అన్నవాడు సామాన్యుడు కాదు. ఆయన మాటే నిజమై, ఇది బజారు కాగితమే అయితే, దీంతోపాటు మీ పెట్టెలన్నీ పోతాయి. నిక్షేపంలాంటిదని మీకు తెలిసిన నోటు ఒకటి ఇవ్వండి."

"తెలిసిన నోటును పరీక్షిస్తే అది పరీక్షేవిటండీ మాష్టారూ?" అన్నారాయన. "ఆదివారం ఆయన చెబుతాడు, నేను కాదంటాను. సోమవారం నుంచి మళ్ళీ నాకు అన్నం సయించదు. నాకు తెలియాలండీ."

ఇరవై ఏళ్ళుగా ఆయనది పరిశోధన కాదు, ముచ్చట అని నేను వాదిస్తూ వచ్చాను. ఆ పూట వాదన మాని, వెచ్చటి నీళ్ళు కావాలని లోపలికి చెప్పాను.

రావమ్మ గారు ఇత్తడి పళ్ళెంలో వెచ్చటి నీళ్ళు తెచ్చి, అతిథులను లెక్కచెయ్యకుండా మధ్యలో కూర్చున్నారు. నోటును అరచేతుల మీద నీళ్ళలోకి దించింది ఆమే. పసిబిడ్డకు నీళ్ళు పోసినట్టు మెల్లగా కదిపారు. మొదటి నీళ్ళలో చుక్క వేస్తే నీళ్ళే నీలమయ్యాయి. "చూశారా, నా గంజి!" అన్నారామె.

నీళ్ళు మార్చారు. అప్పుడు గమనించాను. చేత్తో రాసిన సంఖ్య దగ్గర్నుంచి గోధుమరంగు పొగలాంటిది లేచి నీళ్ళలో కలుస్తున్నది. అచ్చు చెక్కుచెదరలేదు, సంఖ్య కరిగిపోతున్నది. నేను చెయ్యి చాచాను. మార్కండేయులు గారు నా మణికట్టు పట్టుకున్నారు.

"ఇంకొకసారి నీళ్ళు మార్చాలి గదండీ?"

"మార్చాలి. కానీ..."

"మార్చండి."

మూడో నీళ్ళలోంచి నోటును పలక మీదికి తీసి, మూల మీద చుక్క వేశాను. ఇన్‌స్పెక్టరు ముందుకు వంగారు. అంకమ్మరావు గుమ్మం దాటి లోపలికే వచ్చేశాడు. చుక్క పసుపు గోధుమరంగులో వ్యాపించింది. చాలాసేపు చూశాం. అలాగే ఉండిపోయింది.

"అసలుదా?" అన్నారు మార్కండేయులు గారు.

"పాతకాలపు గుడ్డపీలికల కాగితం. అంతవరకు సందేహం లేదు" అన్నాను. ఒక్క చుక్కతో అంతకంటే ఎక్కువ చెప్పడం శాస్త్రం కాదు. ఆయనకు మాత్రం అంతే చాలింది. సంఖ్య చెరిగి తెల్లబడిపోయిన చోటును ఆయన చూడనైనా లేదు.

కృపానందం గారు లేచి, టోపీ పెట్టుకుని, "అమ్మా, మీ మాట నిజమే" అని రావమ్మ గారికి చెప్పి, నీలి మచ్చ మీద లాఠీ అడ్డం పెట్టుకుని వీధిలోకి దిగారు.

"నేను ముందే అనుకున్నాను బావా, నువ్వలాంటివాడివి కాదని" అన్నాడు అంకమ్మరావు.

"కాఫీ తాగి వెళ్ళు" అన్నారు మార్కండేయులు గారు. "డాబా మీదికి మాత్రం చూడకు."

ఆదివారం అచ్యుతరామారావు గారు వచ్చి, నోటు అసలుదేనని ఒప్పుకొని, సంఖ్య లేకపోవడం వల్ల దానికి విలువ పోయిందని ఎంతో విచారించారట. మార్కండేయులు గారు నాకు మొదటి సగమే చెప్పారు. రెండో సగం రావమ్మ గారి దగ్గర విన్నాను.

నాకు ఎక్కువగా గుర్తున్నది ఆదివారం కాదు. ఆ ఉదయం అందరూ వెళ్ళిపోయాక, తడిసి వడలిన తమలపాకులా వాలిపోతున్న ఆ నోటును మార్కండేయులు గారు రెండు చేతులతో ఎత్తి, కళ్ళు తుడుచుకుంటున్న భార్య ముందు పెట్టారు. తప్పు చేశానని ఆమె ఏదో చెప్పబోయారు. ఆయన చెప్పనివ్వలేదు.

"వచ్చేది మద్రాసు పెద్దమనిషి. ఇలా వాలిపోయినదాన్ని ఎలా చూపిస్తావే?" అన్నారు. "ఆరనిచ్చి, ఇంకోసారి గంజి పెట్టు. వెనకవైపే సుమా. పలచగా."