మంగళవారం పొయ్యి

"మంగళవారం పెట్టుకో అరబా, ఊరంతా ఖాళీయే కదా," అన్నాడు మా ఆయన ఎబో. రేవు ఆఫీసులో గుమాస్తా. నేను అతని చొక్కా ఇస్త్రీ చేస్తున్నాను. మా మొరీ చేపలరేవు ఊరు, మంగళవారం ఇక్కడ సముద్రానికి సెలవు, ఒక్క పడవా కదలదు. కష్టం చేసేవాళ్ళ ఆరోగ్యం కోసం జిల్లాలో కొత్తగా మొదలైన కార్యక్రమానికి నేనే నర్సుని. ఊపిరితిత్తుల పరీక్ష మంగళవారమేనని చాటింపు వేయించాను.

మగవాళ్ళు నలభైమంది వచ్చారు. ఊపిరి కొలిచే గొట్టంలోకి ఊది, ఒకరినొకరు వెక్కిరించుకుంటూ పోయారు. ఆడవాళ్ళు ఒక్కరూ రాలేదు. మర్నాడే జాబితా జిల్లాకి వెళ్ళిపోవాలి. అందులో పేరు లేనివాళ్ళకి ఏడాదిదాకా మందూ లేదు, పొగ తగ్గించే కొత్త పొయ్యీ లేదు. "వాళ్ళకేం పనట? ఇంట్లో కూర్చోవడమేగా!" అన్నాడు ఎబో. రాని ఆడవాళ్ళ మీద నాకూ ఒళ్ళు మండింది. ఆ మంటతోనే ఇంటికొచ్చాను.

పెరట్లో మా అత్తయ్య అంబా పొయ్యి దగ్గర దగ్గుతోంది. సోమవారం దిగిన చేపలు తట్టలనిండా ఉన్నాయి. ఇవాళ పొగపెట్టకపోతే రేపటికి కుళ్ళిపోతాయి. పన్నెండేళ్ళుగా నేనీ ఇంటి కోడల్ని. ఏ మంగళవారమూ ఈ పొయ్యి ఆరగా చూడలేదు. అయినా ఊరంతా ఖాళీ అంటే తలూపాను! ఎంత సిగ్గేసిందో. నర్సు చదువుకి ఎబో అడ్డుపడితే, "నా కోడలు చదువుతుంది, నువ్వు నోరు మూసుకో," అని చేపలు అమ్మి నన్ను కేప్‌కోస్ట్ పట్నం పంపింది ఈ మనిషే. నా తెల్ల యూనిఫారానికి పొగ వాసన పట్టకూడదని వీధివైపు వేరే దండెం కట్టింది. నా ఒంటి మీది తెలుపంతా ఆమె పెట్టిన భిక్షే.

"రాలేదేం అత్తయ్యా?"

"వద్దామనే అనుకున్నానే. నువ్వొచ్చి ఈ చేపల్ని కాస్త ఆగమని చెప్తావేమోనని చూస్తున్నా." నవ్వబోయింది, దగ్గు తెర కమ్మింది.

సంచిలోంచి గొట్టం తీశాను. ఆమె ఊదింది. ముల్లు సగానికి కూడా లేవలేదు. అత్తయ్య గోడ మీదినుంచి పక్కింటికి కేకేసింది: "ఒసేయ్ మాన్సా, అందర్నీ పిలువు! నా కోడలు పొయ్యి దగ్గరికే వచ్చిందే!"

పొద్దుగూకేలోపు పొయ్యి పొయ్యికీ తిరిగి ముప్ఫైఒక్కమందిని ఊదించాను.

"వంటేదీ?" అన్నాడు ఎబో గుమ్మంలోంచి.

"అంగట్లో కెంకే ముద్దలు కొనుక్కురా. అందరికీ."

చివరికి అత్తయ్య కాగితం నింపుతూ 'వృత్తి?' అని నేను అడిగితే, "ఏముంది, ఇల్లు అని రాయి," అంది. నేను రాసింది అది కాదు. ఏం రాశావని అడిగింది. నన్ను చదివించిన మనిషికి చదివి వినిపించాను: "అంబా. చేపలకు పొగపెట్టే పని. నలభైఒక్క ఏళ్ళుగా."

చేతులు కొంగుకి తుడుచుకుని, పక్కన కూర్చుంది.

"ఇంకోసారి చదువమ్మా."