నాన్న పిడికిట్లో మట్టి

కుండీలో వేలు పెట్టి గింజను బయటికి తీసి చూసేసరికి అక్కకి ఒళ్ళు భగ్గుమంది. సగం బొటనవేలంత గింజ. మొలక కొన తెల్లగా ఉండాల్సింది పోయి కాలిన అగ్గిపుల్లలా నల్లబడిపోయింది. పక్క కుండీలోదీ అదే గతి. ఇంట్లో మిగిలిన నాలుగు గింజల్లో రెండు గోవిందా.

అవి అల్లాటప్పా గుమ్మడి గింజలు కావు. ఆరేళ్ళ కిందట నాన్న పెరట్లో కాయించిన రాక్షసి కాయవి. దాన్ని ఎనిమిదిమంది మోశారు, గేటు ఊడబీకితే గానీ వీధిలోకి రాలేదు. నాన్న తాపీమేస్త్రీ. చెయ్యి పెద్దది, అడిగినవాళ్ళకల్లా గింజలు దోసిళ్ళతో పంచేశాడు. ఇప్పుడు వెళ్ళి అడిగితే ఎవరి దగ్గరా ఒక్కటీ లేదు. పోయిన చలికాలం ఆయనకి పక్షవాతం వచ్చి మాటా, కుడిచెయ్యీ, కుడికాలూ పడిపోయాయి. అప్పట్నుంచీ కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని ఖాళీ పెరడు చూస్తుంటాడు. ఆయన కళ్ళ ముందు మళ్ళీ ఒక్క తీగైనా పాకాలని అక్క పంతం. గింజ నాటే మట్టి ఎలా కలపాలో మాత్రం ఆయన ఎక్కడా రాసిపెట్టలేదు.

తమ్ముడికి బేకరీ ఉంది. మట్టిలో బూజు చావాలంటే కాల్చాలని ఎవరో చెప్పారట. ఆ మహానుభావుడు కంపోస్టు కలిపిన మట్టిని ట్రేల్లో పరిచి, రొట్టెలు కాల్చే వేడిలోనే గంటసేపు కాల్చి పట్టుకొచ్చాడు. ఇంట్లోకి తేగానే ముక్కులు అదిరిపోయే కంపు. చల్లారితే అదే పోతుందన్నాడు. అక్క పనిచేసేది మందుల షాపులో. సీసా మీద రాసింది అక్షరం తప్పకుండా పాటించే మనిషి ఆ రోజెందుకో వాడి మాట నమ్మి ఊరుకుంది. అది తలుచుకుంటే ఇప్పుడు వాడి మీదకన్నా తన మీదే ఎక్కువ మంటగా ఉంది.

బేకరీ నుంచి వాడు గుమ్మంలోకి వచ్చీరాగానే నల్లబడ్డ గింజలు రెండూ వాడి ముఖం ముందు పెట్టింది.

"మట్టికీ మైదాకీ తేడా తెలీదురా నీకు?"

వాడూ తక్కువ తినలేదు. "నువ్వు మాత్రం? పూటపూటకీ గ్లాసుతో కొలిచి మరీ నీళ్ళలో ముంచావు. గింజలకి డాక్టరు చీటీ రాసిచ్చాడా?"

ఈసారి అక్క వాడి మట్టి జోలికే పోలేదు. కొబ్బరి పొట్టు, నీళ్ళు నిలవకుండా చేసే తెల్లటి పెర్లైట్ గుళికలు, జల్లెడపట్టిన ఆకుల ఎరువు గ్రాములతో సహా తూచి, నీళ్ళు కొలిచి పోసి బేసిన్‌లో కలిపి పెట్టింది. ఇంత పేలవమైన మట్టిలో అంత పెద్ద మొక్క ఎలా లేస్తుందని తమ్ముడి వాదన. మొలకకి కావలసిన తిండి గింజలోనే ఉందని అక్క. నాన్న ఇలాగే కలిపేవాడని ఈమె, కాదు నేను కళ్ళారా చూశానని వాడు. మూడడుగుల దూరంలో ఉన్న నాన్న వైపు ఒక్కరూ తల తిప్పలేదు.

కుర్చీ చేతి మీద దభీమని చప్పుడైంది. నాన్న ఎడమచేత్తో కొడుతున్నాడు. దాహమేమోనని అక్క గ్లాసు తెచ్చింది. ఆయన దాన్ని తోసేశాడు. నీళ్ళన్నీ నేలపాలు. బేసిన్ వైపు వేలు చూపించాడు.

"నువ్వు ఊరుకో నాన్నా, మేం చూసుకుంటాంలే."

ఆయన మళ్ళీ కొట్టాడు. సరే, ముచ్చట తీరుద్దామన్నట్టు అక్క బేసిన్‌ని దగ్గరికి జరిపింది. నాన్న గుప్పెడు తీసి పిండాడు. నీళ్ళు మోచేతిదాకా కారాయి. ఆయన ముఖం కందగడ్డలా అయింది. ఆ ముద్దని ఉన్నపళంగా విసిరికొట్టాడు. సగం అక్క చెంప మీద, సగం తమ్ముడి ఆప్రాన్ మీద పడింది.

అక్కకి సిగ్గుతో తల తీసేసినట్టయింది. నలభై ఏళ్ళు ఇసుకా సిమెంటూ కలిపిన మనిషి. నోరు పడిపోతే చెయ్యి కూడా మర్చిపోతుందనుకున్నారు ఇద్దరూ. ఇన్ని నెలల్లో ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారైనా, ఆయన్ని అడగలేదు.

బేసిన్ తీసి ఆయన ఒళ్ళో పెట్టింది. ఆయన వేలు చూపించినకొద్దీ తమ్ముడు పొడి కొబ్బరి పొట్టు, ఇంకాస్త పెర్లైట్ అందించాడు. వాడు కాల్చిన మట్టి సంచిని నాన్న మంచి కాలితో ఒక్క తన్ను తన్నాడు. కలిపి, పిండాడు. చుక్క కారలేదు. ముద్ద నిలబడింది, బొటనవేలితో తాకగానే పొడిపొడిగా రాలింది. అప్పుడు అక్క చేతిలో గుప్పెడు పెట్టి పిండమన్నట్టు చూశాడు. ఆమె పిండి, విప్పి, తలూపింది.

అక్క మిగిలిన రెండు గింజలూ ఆయన అరచేతిలో పెట్టింది. ఒకదాన్ని మొన కిందికి ఉండేలా కుండీలో నాటాడు. దోసిళ్ళతో గింజలు పంచిన మనిషి, రెండోదాన్ని మాత్రం ఎవరికీ ఇవ్వకుండా చొక్కా జేబులో వేసుకుని బొత్తాం పెట్టుకోబోయాడు. ఎడమచేతికి అది లొంగలేదు. రెండుసార్లు జారింది. అక్క సాయానికి చెయ్యి చాపితే ఉరిమి చూశాడు. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. మూడోసారికి బొత్తాం పడింది. ఆ జేబు మీద అరచెయ్యి అడ్డం పెట్టుకుని నాన్న ఇద్దరి నుంచీ ముఖం తిప్పేసుకున్నాడు.