చల్లారని రాయి

పొద్దున్నే లేవగానే టామ్సిన్ చేసే మొదటి పని, మొగుణ్ణి పక్కలోంచి తీసి పిండిగిన్నె కింద పెట్టడం. మొగుడంటే మొగుడు కాదు, మొగుణ్ణి చంపిన రాయి. పిల్లవాడి తలకాయంత ఉంటుంది. రాత్రంతా అది కూతురు అన్నిస్ కాళ్ళ దగ్గర ఉండేది. పొద్దున రొట్టెపిండి పొంగేదాకా గిన్నె కింద ఉండేది. ఆ తర్వాత అత్తగారు విల్మట్ నడుముకి కాపడం పెట్టుకునేది. బతికున్నన్నాళ్ళూ డిగొరీ ఇంట్లో ఇంత పని చేసిన పాపాన పోలేదని ఆవిడే అనేది, కన్నకొడుకని కూడా చూడకుండా.

ఆ రేవులో మనిషిని చంపిన రాయి ఇక చల్లారదు. మంచులో పడేస్తే చుట్టూ కరిగి గుంట పడుతుంది. తుపాకిగుండైనా అంతే గాని అది బఠాణీ గింజంత, ఉన్ని మేజోడులో వేసుకుంటే బొటనవేలొక్కటే వెచ్చబడుతుంది. అందుకని ఆడవాళ్ళకి గుండ్ల మీద పెద్ద మోజు ఉండేది కాదు. రాయి ఎవరికి చెందుతుందో కూడా కట్టుబాటుంది. విసిరినవాడిది కాదు, చచ్చినవాడి ఇంటిది. ఇంగ్లీషువాళ్ళకీ ఫ్రెంచివాళ్ళకీ ఈ లోకంలో పొత్తు కుదిరిన సంగతి ఏదైనా ఉందంటే అదొక్కటే.

మిగతా అన్నిట్లోనూ కొట్లాటే. న్యూఫౌండ్‌ల్యాండ్ తీరంలో ఆ మూలని మొదట కనిపెట్టింది మా రాజుగారి ఓడంటే మా రాజుగారి ఓడని ఇద్దరూ పటాలు గీసుకున్నారు. ఇంగ్లీషు పటంలో లాంబ్ కోవ్, ఫ్రెంచి పటంలో సెంట్-బార్బ్. వాళ్ళొచ్చి రాజముద్ర కొట్టిన స్తంభం పాతితే వీళ్ళొచ్చి పీకారు. వీళ్ళొచ్చి శిలువ పాతితే వాళ్ళొచ్చి నరికారు. చివరికి రెండూ టామ్సిన్ పొయ్యిలోకే చేరాయి. మంచి ఎండుకర్ర, బాగా కాలింది.

రాజులకి పటాలు కావాలి. ఓడలవాళ్ళకి కాడ్ చేపలు కావాలి, ఆ చేపలు ఆరబెట్టుకోవడానికి గులకరాళ్ళ ఒడ్డు కావాలి. ఏటా వసంతంలో ఏ ఓడ పడవ ముందుగా ఒడ్డున వాలితే ఆ ఓడ కెప్టెన్ ఆ ఏటికి రేవుదొర. మంచి నేలంతా ఆయనది, తీర్పులన్నీ ఆయనవి. ఆకురాలే కాలానికి అందరూ ఎండుచేపలు ఎత్తుకుని సముద్రం దాటి ఇళ్ళకి పోతారు. కాపలాకి మిగిలేది టామ్సిన్ కుటుంబం, పక్కగుడిసె ఎలియాస్, అతని పెళ్ళాం ఉర్సులా.

ఆ ఏడు వసంతంలో దట్టమైన పొగమంచులో రెండు పడవలు ఒక్కసారే ఒడ్డుకి రాసుకున్నాయి. ఇంగ్లండులోని డెవన్ నుంచి వచ్చిన లస్కోంబ్ కెప్టెన్ పడవ ఒకటి, ఫ్రాన్సులోని సెంట్-మాలో పడవ ఒకటి. ఒడ్డున ఉన్నది డిగొరీ ఒక్కడే. ముందు ఎవరొచ్చారో నువ్వే చెప్పమన్నారు. డిగొరీ డెవన్‌వాడు, డెవన్ పడవవైపు చెయ్యి చూపించాడు. నిజంగా ఏది ముందొచ్చిందో దేవుడికే ఎరుక. ఎడమచెవి లేని బ్రెటన్ తీరపు మనిషొకడు ఫ్రెంచి పడవలోంచి దూకి ఒక రాయి తీసి విసిరాడు. చూపించిన చెయ్యి ఇంకా దించకుండానే డిగొరీ వెనక్కి పడ్డాడు. తర్వాత రాళ్ళు, కొక్కేలు, తెడ్లు, చేపలు చీల్చే కత్తులు లేచాయి. పోటు వచ్చి కడిగేదాకా ఒడ్డున నురగ ఎర్రగానే ఉంది. చచ్చినవాళ్ళ రాళ్ళు వాళ్ళవాళ్ళ ఓడలెక్కి డెవన్‌కీ సెంట్-మాలోకీ పోయాయి. డిగొరీ రాయి డిగొరీ ఇంటికొచ్చింది.

ఇంగ్లీషు ఓడలు వెళ్ళిపోయాక ఫ్రెంచి యుద్ధనౌక వచ్చింది. దారి చూపించడానికి ఆ చెవిలేనివాణ్ణే పట్టుకొచ్చి ఓడమీదే ఉంచారు. చేపలు ఆరబెట్టే మంచెలు, పడవలు, కట్టెలమోపులు, కొండమీది చెట్లు, అన్నీ తగలబెట్టారు. గొడ్డళ్ళు ఎత్తుకుపోయారు. రెండు గుడిసెల్లోనూ తాతలనాటి నుంచి పోగుపడిన వెచ్చటి రాళ్ళని ఏరి మరీ నడిసముద్రంలో పారేశారు. అన్నిస్ దుప్పటిలో చుట్టి దాచినందుకు డిగొరీ రాయి ఒక్కటే మిగిలింది.

మంచు మొదలైంది. అన్నిస్‌కి దగ్గు పట్టుకుంది. నాలుగేళ్ళ పిల్ల, దగ్గినప్పుడల్లా పెదాలు నీలంగా మారేవి. ఒక్క రాయి ఒక మనిషికి చాలదు, వాళ్ళు ముగ్గురు. ఈ చలికాలం పిల్ల దాటదని టామ్సిన్‌కి లోపల తెలుసు. తెలిసిందని పైకి అంటే నిజమైపోతుందేమోనని నోరు మెదిపేది కాదు.

పెద్ద గాలివాన వెలిసిన పొద్దున, చెక్కలేమైనా కొట్టుకొచ్చాయేమోనని ఆమె, ఎలియాస్ ఒడ్డుకి వెళ్ళారు. చెక్కలే కాదు, ఆ యుద్ధనౌకే ముక్కలై కొట్టుకొచ్చింది. అన్నీ ఉప్పునీళ్ళు తాగి మంచుకట్టిన దూలాలు, గొడ్డలి లేనిదే పొయ్యికి పనికిరావు. బిగుసుకుపోయిన శవాల మధ్య ఒకడు మూలుగుతున్నాడు. ఎలియాస్ కాలితో వాణ్ణి వెల్లకిలా తిప్పాడు. ఎడమచెవి లేదు.

"దేవుడున్నాడు టామ్సిన్!" అంటూ ఎలియాస్ రాయి వెతుక్కున్నాడు. "పెద్దది చూడాలి. చిన్నదైతే రేపటికి చాలదు. ఉర్సులాకి నెలలు నిండాయి."

"ఆగు. వాడు చంపింది నా మొగుణ్ణి."

"అయితే?"

"చంపేది నేను. మా అత్త చూస్తుండగా చంపుతా. రాయి నువ్వు తీసుకుపో."

"రాయి వాడి ఇంటివాళ్ళది కదా?" అని ఎలియాస్ నవ్వాడు. "సెంట్-మాలో నుంచి వచ్చి అడగమను, ఇచ్చేస్తాను."

ఇద్దరూ చెరో కాలూ పట్టుకుని ఈడ్చుకొచ్చారు. గడప దాటించారో లేదో విల్మట్ కెవ్వున కేకేసింది.

"ఒసేయ్! నీ మొగుడు నా నడుం కాల్చేశాడే!"

రాయి నేలమీద దొర్లింది. దాని చుట్టూ తడి నేల ఆవిరి కక్కింది. గోడలకి పేరుకున్న మంచు బొట్లుబొట్లుగా కారడం మొదలెట్టింది. ఎలియాస్ అర్థంకాక మనిషిని బయటికి లాగాడు. రాయి మళ్ళీ ఎప్పటిలా గోరువెచ్చనైంది. లోపలికి లాగాడు. కొలిమిలా లేచింది.

"అంతేనర్రా, చంపినవాడు పక్కనుంటే రాయి రగులుతుందన్నమాట," అంది విల్మట్ నడుం రుద్దుకుంటూ. "చంపినవాళ్ళంతా ఎండాకాలం మనుషులు. చంపేసి ఓడెక్కి పోయేవాళ్ళు. చలికాలంలో ఏనాడైనా ఒక్కడు ఇక్కడున్నాడా, మనకి తెలియడానికి?"

మూలన అన్నిస్ దుప్పటి తన్నేసింది. చాలా రోజుల తర్వాత పిల్ల బుగ్గలమీద రంగు కనపడింది. టామ్సిన్ వాణ్ణి కొట్టడానికి ఒడ్డున ఏరుకొచ్చిన రాయి ఎత్తి పట్టుకునే ఉంది. ఆ పిల్ల మొహం చూసి దాన్ని గుమ్మం బయట పడేసింది. 

"మాటిచ్చావు," అన్నాడు ఎలియాస్.

"ఉర్సులాని ఇక్కడికే తీసుకురా. అందరం ఈ వేడిలోనే ఉందాం."

"నా అన్నని వీళ్ళు చర్చిలో పెట్టి కాల్చారు. నా బిడ్డ వీడి పక్కన పుట్టాలా?" అని ఉమ్మేసి వెళ్ళిపోయాడు.

ఆ చెవిలేనివాడి పేరు ఎర్వాన్. ఏళ్ళ తరబడి ఒడ్డున ఇంగ్లీషువాళ్ళతో తిట్లూ ఉప్పూ ఇచ్చిపుచ్చుకున్నాడు కాబట్టి వాళ్ళ మాట వచ్చు. టామ్సిన్ వాణ్ణి వలతాడుతో అన్నిస్ మంచంకోడుకి కట్టేసింది. కాస్త తేరుకున్నాక అడిగాడు.

"నన్నెందుకు చంపలేదు?"

"నువ్వు మా పొయ్యివి. పొయ్యిని ఎవరైనా పగలగొట్టుకుంటారా?"

"ఆ రోజు నేను... అతన్ని చంపాలని కాదు. ముందొచ్చింది మా పడవే. అతను అబద్ధం చెప్పాడు."

టామ్సిన్ చేతులకి గోనె చుట్టుకుని రాయి ఎత్తింది. వాడి అరచేతి మీద పెట్టి, తన రెండు చేతులతో అదిమిపట్టింది. మాంసం కాలిన వాసన గుడిసంతా నిండింది. వాడు అరిచిన అరుపుకి పైకప్పు మీది మంచు జారిపడింది.

"వద్దమ్మా! అతను ఏడుస్తున్నాడు!" అని అన్నిస్ తల్లి పావడా పట్టుకుని ఏడ్చింది. అంతసేపు ఏడ్చినా పిల్ల ఒక్కసారి కూడా దగ్గలేదు. టామ్సిన్ అది గమనించి చేతులు వదిలేసింది.

చలి ముదిరింది. ఒక మధ్యాహ్నం టామ్సిన్ బయట మంచు గిన్నెలోకి ఎత్తుతుంటే ఉర్సులా నొప్పుల కేకలు వినపడ్డాయి. అటు పరిగెత్తబోతుండగా తన గుడిసెలోంచే అన్నిస్ కేక వినపడింది. వెనక్కి తిరిగింది.

లోపల ఎలియాస్ ఉన్నాడు. ఓడ అడుగున బరువుకి వేసే రాయి రెండు చేతులతో ఎత్తి ఎర్వాన్‌ని కొడుతున్నాడు. మొదటి దెబ్బకే భుజం విరిగినట్టుంది. కట్టేసిన తాడు తెగక, వాడు మంచం కిందికి దూరాలని పాకులాడుతున్నాడు. విల్మట్ ఎలియాస్ కాలు పట్టుకుంటే ఆ ముసలిదాన్ని గోడకేసి తన్నాడు.

"ఎలియాస్, నీకు దండం పెడతా! ఉర్సులాని నేనే మోసుకొస్తా!"

"మా ఇంట్లో నీళ్ళు గడ్డకట్టాయి టామ్సిన్! పుట్టగానే గడ్డకట్టిపోతుంది బిడ్డ! వీణ్ణి నేనే చంపితే ఆ రాయి మా ఇంట్లో కొలిమిలా రగులుతుంది! నీ పిల్లే పిల్లా?" అతను కూడా ఏడుస్తున్నాడు. ఏడుస్తూనే మళ్ళీ కొట్టాడు. దెబ్బ మంచంకోడుకి తగిలింది, రాయి చెయ్యిజారి దొర్లింది. దానికోసం వంగాడు.

టామ్సిన్ ముందు అందుకుంది. వంగిన తలమీద రెండు చేతులతో దించింది. ఒక్కసారి సరిపోయేది. భయంతో రెండోసారీ కొట్టింది.

ఎలియాస్ మోకాళ్ళమీద కూర్చున్నట్టే కూర్చుని పక్కకి ఒరిగిపోయాడు. ఆ చలికాలానికి తోడున్న ఒకే ఒక్క మగవాడు, ఆమె పెళ్ళిలో తాగి గంతులేసినవాడు. టామ్సిన్ చేతుల్లో రాయి మెల్లగా వెచ్చబడింది. తర్వాత కాలింది. ఆమె వదల్లేదు.

విల్మట్ గోడవార నుంచి, నోట్లోంచి కారే నెత్తురు తుడుచుకుంటూ అంది. "అది మనది కాదు పిల్లా. ఉర్సులాది. తీసుకెళ్ళి ఇచ్చేయి."

కట్టుబాటు కట్టుబాటే. టామ్సిన్ ఆ రాయిని శాలువాలో చుట్టుకుని మంచులో నడిచింది. నడుస్తున్నంతసేపూ శాలువా మాడుతూనే ఉంది. తలుపు తోసేసరికి ఉర్సులా గోడ పట్టుకుని వంగి నిలబడి ఉంది. గుమ్మం దగ్గర ఆవిరి చూసి మొహం విప్పారింది.

"తెచ్చాడా? ఫ్రెంచివాడు చచ్చాడా? ఎలియాస్ ఏడీ?"

టామ్సిన్ రాయి నేలమీద పెట్టింది. ఉర్సులా రాయినీ, టామ్సిన్ చేతుల మీది నెత్తురునీ, ఆమె వెనక ఖాళీగా ఉన్న గుమ్మాన్నీ చూసింది. చేతికందిన కుండ తీసి విసిరింది. అది టామ్సిన్ నుదుటికి తగిలి పగిలింది. ఇంకేదో తీయబోయింది గాని నొప్పి వచ్చి కూలబడింది.

"నిన్ను మా ఇంటికి తీసుకురమ్మని చెప్పా," అంది టామ్సిన్. "అందరం ఒకచోటే ఉందామన్నా. ఒప్పుకోలేదు."

"నాతో అనలేదు," అంది ఉర్సులా పళ్ళ మధ్య నుంచి. "అనుంటే అప్పుడే వచ్చేదాన్ని. ఇప్పుడు ఆ గడప తొక్కను. చచ్చినా తొక్కను. పో నా కళ్ళముందు నుంచి!"

టామ్సిన్ తిరిగింది. పది అడుగులు వేసిందో లేదో లోపల ఆవిరి ఆగిపోయింది. ఉర్సులా తడి జుట్టు మళ్ళీ బిగుసుకోవడం మొదలెట్టింది. ఆమె రాయివంక చూసింది, తలుపువంక చూసింది, తన కడుపువంక చూసుకుంది.

"ఎక్కడికే పోతావ్?" అని అరిచింది. "వచ్చి కూర్చో ఇక్కడ. దాని పక్కన."

బిడ్డ ఆ సాయంత్రమే పుట్టాడు. టామ్సిన్ చేతుల్లోకే పుట్టాడు, ఇంకెవరున్నారు గనక. ఆ చలికాలమంతా ఆమె అక్కడే ఉంది. తను వితంతువుని చేసిన మనిషి పక్కన కూర్చుని ఆమెకీ ఆమె కొడుక్కీ వేడి కాసింది. ఉర్సులా తిట్టిన రోజు తిట్టింది, కొట్టిన రోజు కొట్టింది. మాట్లాడని రోజులే ఎక్కువ. అవతలి గుడిసెలో డిగొరీని చంపినవాడు, విరిగిన భుజంతో, కాలిన చేత్తో, అన్నిస్‌ని ఆనుకుని కూర్చుని డిగొరీ కూతుర్ని బతికించాడు. తాడు ఎప్పుడు విప్పిందో విల్మట్ ఎవరికీ చెప్పలేదు. కూతురి నవ్వు గోడలు దాటి వినపడినప్పుడు టామ్సిన్‌కి ఏడుపొచ్చేది. లేచి వెళ్తే ఇక్కడి పసివాడు నీలంగా మారతాడు, అందుకని కదిలేది కాదు.

వసంతం వచ్చింది. ఆ ఏడు ముందొచ్చింది లస్కోంబ్ కెప్టెన్ పడవే, కళ్ళెదుటే, సందేహం లేకుండా. ఫ్రెంచి పడవ ఇంకా నీళ్ళమీదే ఉంది. కెప్టెన్ గులకరాళ్ళ మీదికి దూకి టోపీ ఊపాడు. అప్పుడే అన్నిస్‌ని ఎత్తుకుని ఒడ్డుకొచ్చిన చెవిలేని మనిషి కనపడ్డాడు.

"వీడా! ఇంకా బతికున్నాడా!" కెప్టెన్ వంగి రాయి తీశాడు. వెనక మనుషులు కూడా తలొకటి తీశారు. నీళ్ళమీద ఫ్రెంచివాళ్ళు కొక్కేలు పైకెత్తారు. "పిల్లని దించరా!" అన్నాడు కెప్టెన్.

ఎర్వాన్ పిల్లని దించి దూరంగా నెట్టాడు. పారిపోలేదు.

ఉర్సులా కొడుకుని చంకనేసుకుని కెప్టెన్‌కి అడ్డంగా వచ్చింది. "విసరండి దొరా. మాకేం అభ్యంతరం లేదు. కాకపోతే ఇక్కడి కట్టుబాటు కొంచెం మారింది."

"ఏం మారింది?"

"రాయి చచ్చినవాడి ఇంటిది. విసిరినవాడు కూడా రాయితోనే ఉండాలి. ఓడ పంపించేసి మీరు చలికాలం మాతోనే ఉంటారు." అని వెనక్కి తిరిగింది. "టామ్సిన్, ఇలా రా. దొరగారికి చూపించు."

టామ్సిన్ ఎలియాస్ రాయి పట్టుకుని వచ్చింది. ఆమె అరచేతులు బొబ్బలు కట్టి, మానీ, మళ్ళీ కాలీ చేపచర్మంలా గట్టిపడి ఉన్నాయి. నుదుటిమీద కుండపెంకు కోసిన మచ్చ. ఆమె రాయిని మిగిలిన మంచులో దించితే బుస్సుమని ఆవిరి లేచింది.

"ఇది ఎలియాస్‌ది," అంది. "చంపింది నేను."

కెప్టెన్ ఆమెని చూశాడు, ఉర్సులాని చూశాడు, రాయి మోసి మాడిన ఆ శాలువా అంచు చెరోవైపు పట్టుకుని నిలబడ్డ ఆ ఇద్దరాడవాళ్ళనీ చాలాసేపు చూశాడు. కాలిపోయిన కొండనీ, రెండు గుడిసెలనీ చూశాడు. డెవన్‌లో తన ఇల్లు గుర్తొచ్చిందో ఏమో. చేతిలో రాయిని రెండుమూడుసార్లు బరువు చూసి, చూడనట్టే కింద జారవిడిచాడు. వెనక ఒక్కొక్క రాయే గులకరాళ్ళ మీద పడ్డ చప్పుడైంది.

అన్నిస్ పరిగెత్తుకొచ్చి తల్లి కాళ్ళని చుట్టేసుకుంది. టామ్సిన్ వంగి, కెప్టెన్ వదిలేసిన రాయిని వేళ్ళతో తాకి చూసింది. చల్లగా ఉంది. దాన్ని అక్కడే ఉంచి, పిల్లని ఎత్తుకుని, రొట్టెపిండి కలపడానికి ఇంటివైపు నడిచింది.